అహోబిలం వీడియో సగమే చేరిందా..? ‘100 శాతం’ చూపించినా ఫైల్ ఎందుకు ఓపెన్ కాదు? పార్షియల్ రైట్, ప్యాకెట్ సైజ్ కథేంటో చూద్దాం

పరువేట ఉత్సవం వీడియో తీశారు.. సర్వర్‌కు పంపారు.. స్క్రీన్ మీద 100 శాతం కనిపించింది. అవతలి వైపు ఎడిటర్ ఓపెన్ చేస్తే మాత్రం ఫైల్ ప్లే కావట్లేదు. ఫోన్‌లో స్పేస్ లేదని ఒరిజినల్‌ను అప్పటికే డిలీట్ చేసేస్తే..? ఆ ఊళ్లో ఆ పల్లకీ మళ్లీ కనిపించేది వచ్చే ఏడాదే. వీడియోలు పంపే స్ట్రింగర్లు, యూట్యూబర్లు, ఫొటో స్టూడియోల వాళ్లు తరచూ ఎదుర్కొనే ఇబ్బంది ఇది. సురక్షితంగా పంపిన ఫైల్ సగంలోనే ఎందుకు ఆగిపోతుంది? తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అహోబిలంలోనే ఈ ప్రస్తావన ఎందుకంటే..

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ నుంచి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో, నల్లమల అంచున ఉంటుంది అహోబిలం. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం సుమారు 8 కిలోమీటర్లు. నవ నారసింహ ఆలయాల్లో కొన్నింటికి అడవి దారిలో నడిచే వెళ్లాలి. కొండల మధ్యకు వెళ్లేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గిపోతుంటాయి. సంక్రాంతి వేళ కనుమ రోజున మొదలయ్యే పరువేటలో స్వామివారి పల్లకీ 40 రోజులకు పైగా, 30కి పైగా గ్రామాలు తిరుగుతుంది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. ఇలాంటి సందర్భాల్లో తీసిన ప్రతి క్లిప్ ఒక్కసారే దొరికేది. దాన్ని హైదరాబాద్‌కో, విజయవాడకో, అమెరికాలో ఉన్న బంధువులకో పంపాలంటే నమ్మకమైన దారి కావాలి. ఆ దారుల్లో ఎక్కువమంది ప్రొఫెషనల్స్ వాడేది ఎస్ఎఫ్‌టీపీ.

అసలు ఎస్ఎఫ్‌టీపీ అంటే ఏంటి?

పాత ఎఫ్‌టీపీలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఫైల్.. అన్నీ దాపరికం లేకుండా నెట్‌వర్క్‌లో వెళ్లిపోతాయి. మధ్యలో ఎవరైనా కాచుకుని కూర్చుంటే చదివేయొచ్చు. దీనికి విరుగుడుగా 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటూ ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్ అనే పద్ధతి తెచ్చారు. అందులో మొత్తం సంభాషణ తాళం వేసిన గొట్టంలో జరుగుతుంది. ఆ గొట్టం లోపల ఫైళ్లు పంపే పద్ధతే ఎస్ఎఫ్‌టీపీ. సాధారణంగా 22వ నంబర్ పోర్ట్‌లో నడుస్తుంది. లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 1999లో వచ్చింది.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. సురక్షితం అంటే సంపూర్ణం అని కాదు. వడ్ల లారీకి సీల్ వేస్తే దారిలో బస్తా ఎవరూ ఎత్తుకుపోలేదని గ్యారంటీ ఉంటుంది. అంతే. లోడింగ్‌లో ఎన్ని బస్తాలు ఎక్కాయి, గోడౌన్‌లో ఎన్ని దించారు అనేది సీల్ చెప్పదు. అది తెలియాలంటే లెక్కపెట్టాల్సిందే. ఎస్ఎస్‌హెచ్ కూడా అంతే. ప్రయాణంలో ప్రతి ప్యాకెట్ మారకుండా కాపాడుతుంది. కానీ అవతలి డిస్క్ నిండిపోతే, మధ్యలో కనెక్షన్ తెగితే ఫైల్ సగమే మిగులుతుంది.

ఫైల్ ఒకేసారి వెళ్లదు.. ముక్కలుగా వెళ్తుంది

మీరు 1 జీబీ వీడియో పంపారనుకోండి. ఎస్ఎఫ్‌టీపీ దాన్ని ముక్కలు చేస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ క్లయింట్‌లో ఎంతోకాలంగా డీఫాల్ట్ ముక్క సైజు 32 కేబీ, అంటే 32,768 బైట్లు. ఆ లెక్కన 1 జీబీ ఫైల్ 32,768 ముక్కలవుతుంది. ప్రతి ముక్కతోపాటు ‘ఫైల్‌లో ఫలానా స్థానం నుంచి ఇది రాయండి’ అనే సమాచారం వెళ్తుంది. సర్వర్ రాసి, ‘సరే’ అనో ‘కుదరలేదు’ అనో జవాబిస్తుంది.

ఒక్కో ముక్క పంపి, జవాబు వచ్చాకే తర్వాతిది పంపితే చాలా ఆలస్యం. ఉదాహరణకు ఇక్కడి నుంచి సర్వర్‌కు వెళ్లి జవాబు రావడానికి 100 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు 10 ముక్కలే వెళ్తాయి. అంటే 320 కేబీ. 1 జీబీకి దాదాపు 55 నిమిషాలు. అదే ముక్క సైజు 4 కేబీ పెట్టిన యాప్ అయితే ఏడు గంటలు దాటుతుంది! నెట్ స్పీడ్ బాగానే ఉన్నా అప్‌లోడ్ నత్తనడక నడవడానికి ఒక కారణం ఇదే.

అందుకే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ జవాబు కోసం ఆగకుండా ఒకేసారి 64 ముక్కల వరకు పంపేస్తుంది. అంటే ఏ క్షణంలో చూసినా 2 ఎంబీ వరకు డేటా దారిలోనే ఉంటుంది. వేగం పెరుగుతుంది.. కానీ కనెక్షన్ తెగితే ఆ 64లో ఏవి చేరాయో, ఏవి చేరలేదో అనే చిక్కు కూడా వస్తుంది.

పార్షియల్ రైట్ అంటే ఇదే

ఒక ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ‘ఈ 32,768 బైట్లు రాయి’ అని చెబుతుంది. సిస్టమ్ 20,000 బైట్లే తీసుకుని ‘20,000 అయింది’ అని జవాబివ్వొచ్చు. ఇది ఎర్రర్ కాదు. నిబంధనల ప్రకారం అలా చేసే హక్కు సిస్టమ్‌కు ఉంది. మిగిలిన 12,768 బైట్లు మళ్లీ పంపాల్సిన బాధ్యత ప్రోగ్రామ్‌దే. దీన్నే పార్షియల్ రైట్ అంటారు. ఆ జవాబును పట్టించుకోని ప్రోగ్రామ్ నేరుగా తర్వాతి ముక్కకు వెళ్లిపోతే.. మధ్యలో 12,768 బైట్లు గల్లంతు!

ఎప్పుడు ఇలా జరుగుతుంది? ప్రధానంగా రెండు సందర్భాలు. ఒకటి, నెట్‌వర్క్ నెమ్మదించి పంపే బఫర్ నిండిపోయినప్పుడు. రెండోది, డిస్క్‌లో ఖాళీ అయిపోతున్నప్పుడు. డిస్క్‌లో 20,000 బైట్లే ఖాళీ ఉంటే మొదటిసారి అంతవరకు రాసి, తర్వాతి ప్రయత్నంలో ‘స్థలం లేదు’ అంటుంది.

ఇక్కడ ఎస్ఎఫ్‌టీపీకి ఓ పరిమితి ఉంది. ఎక్కువగా వాడకంలో ఉన్న మూడో వెర్షన్‌లో, రైట్ రిక్వెస్ట్‌కు సర్వర్ ‘ఇన్ని బైట్లు రాశాను’ అని చెప్పదు. ఓకే, లేదంటే ఫెయిల్. అంతే. పైగా ‘డిస్క్ నిండింది’, ‘కోటా దాటింది’ అనడానికి ఆ వెర్షన్‌లో ప్రత్యేకమైన కోడ్ కూడా లేదు. అందుకే స్క్రీన్ మీద కేవలం ‘ఫెయిల్యూర్’ అని, కొన్ని యాప్స్‌లో ‘ఎర్రర్ కోడ్ 4’ అని వస్తుంది. అది కనిపించగానే నెట్‌ను తిట్టుకోకండి. ముందు సర్వర్‌లో ఖాళీ ఎంతుందో, మీ అకౌంట్‌కు ఇచ్చిన కోటా ఎంతో అడగండి.

99 శాతం వచ్చినా వీడియో ఎందుకు ఆడదు?

ఫొటో సగం వస్తే పై భాగమైనా కనిపిస్తుంది. ఎంపీ4 వీడియో అలా కాదు. ఏ ఫ్రేమ్ ఫైల్‌లో ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటి అందులో ఉంటుంది. దాని పేరు ‘మూవ్ యాటమ్’. రికార్డింగ్ పూర్తయ్యాకే ఫ్రేమ్‌ల లెక్క తేలుతుంది కాబట్టి చాలా ఫోన్లు, కెమెరాలు దాన్ని ఫైల్ చివర్లో రాస్తాయి. చివరి ముక్క చేరకపోతే విషయసూచికే ఉండదు. 99 శాతం బొమ్మ సర్వర్‌లో ఉన్నా ప్లేయర్ ‘ఈ ఫైల్ ఓపెన్ చేయలేను’ అనేస్తుంది.

‘ఫాస్ట్ స్టార్ట్’ ఆప్షన్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఈ విషయసూచిక ముందుకు వస్తుంది. అప్పుడు సగం ఫైల్ చేరినా అంతవరకు చూసే అవకాశం ఉంటుంది. తెగిపోయిన ఫైల్‌ను అదే ఫోన్‌తో తీసిన మరో మంచి క్లిప్ ఆధారంగా బాగుచేసే టూల్స్ ఉన్నా, ప్రతిసారీ ఫలితం దక్కుతుందని నమ్మకం పెట్టుకోలేం.

ప్యాకెట్ సైజ్.. రెండు వేర్వేరు విషయాలు

ప్యాకెట్ సైజ్ అనగానే అంతా ఒకటే అనుకుంటారు. నిజానికి ఇందులో రెండు అంతస్తులున్నాయి.

మొదటిది ఎస్ఎఫ్‌టీపీ ప్యాకెట్. ఇది యాప్‌కు, సర్వర్‌కు మధ్య ఒప్పందం. పాత ముసాయిదా ప్రకారం సర్వర్లన్నీ కనీసం 34,000 బైట్ల ప్యాకెట్‌ను అంగీకరించాలి. 32,768 బైట్ల డేటా, మిగతాది హెడర్ల కోసం అన్నమాట. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సర్వర్ 256 కేబీ వరకు ఒప్పుకుంటుంది. స్పీడ్ వస్తుందని బఫర్ సైజ్ పెంచేస్తే కొన్ని సర్వర్లు కనెక్షన్‌నే తెంచేస్తాయి. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 8.6 నుంచి ‘మీ పరిమితి ఎంత?’ అని క్లయింట్ సర్వర్‌ను ముందే అడిగి తెలుసుకునే సౌకర్యం వచ్చింది. పాత సర్వర్‌తో ఇబ్బంది ఉంటే 32 కేబీ దగ్గరే ఉంచడం సేఫ్.

రెండోది నెట్‌వర్క్ ప్యాకెట్. ఇది దారిలోని రౌటర్లకు సంబంధించింది. మామూలు ఈథర్‌నెట్ లైన్‌లో ఒక్కో ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. దీన్నే ఎంటీయూ అంటారు. హెడర్లకు 40 పోతే డేటాకు మిగిలేది 1460. అంటే ఒక్క 32 కేబీ ముక్క దారిలో 23 చిన్న ప్యాకెట్లుగా మారి వెళ్తుంది. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో ఈ పరిమితి 1492. వీపీఎన్ ఆన్ చేస్తే ఇంకా తగ్గుతుంది.

లాగిన్ అవుతుంది.. ఫైల్ మాత్రం కదలదు!

రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఎత్తు గేటు ఉంటుంది కదా.. ఆటో, బైక్ హాయిగా వెళ్లిపోతాయి. లోడ్ లారీ ఆగిపోతుంది. అక్కడ ‘వెనక్కి వెళ్లి చిన్న బండిలో రండి’ అని చెప్పే మనిషి ఉంటే సమస్య లేదు. లేకపోతే..? లారీ అక్కడే, సరుకు కోసం అవతలి వాళ్లు అక్కడే.

నెట్‌వర్క్‌లోనూ ఇదే జరుగుతుంది. ప్యాకెట్ పెద్దదైతే మధ్యలోని రౌటర్ ‘ఇది పట్టదు, చిన్నది పంపు’ అని తిరిగి కబురు పంపాలి. కొన్ని చోట్ల ఫైర్‌వాల్ సెట్టింగ్స్ ఆ కబురునే అడ్డుకుంటాయి. అప్పుడు చిన్న ప్యాకెట్లతో అయ్యే పనులు.. అంటే కనెక్ట్ కావడం, ఫోల్డర్ లిస్ట్ చూడటం జరిగిపోతాయి. అసలు ఫైల్ మొదలుపెట్టగానే 0 దగ్గరో, కొన్ని కేబీల దగ్గరో స్తంభించిపోతుంది. ఎర్రర్ కూడా రాదు. ఒక్కోసారి లాగిన్‌కు ముందు తాళాల మార్పిడి దశలోనే ఆగిపోవచ్చు.

పరీక్షించడం తేలికే. ల్యాప్‌టాప్‌లో పింగ్ కమాండ్‌ను ‘ముక్కలు చేయొద్దు’ అనే ఆప్షన్‌తో, 1472 సైజుతో సర్వర్‌కు పంపండి. దానికి 28 బైట్ల హెడర్ కలిస్తే సరిగ్గా 1500. జవాబు రాకపోతే 1452, 1400, 1300.. ఇలా తగ్గించుకుంటూ వెళ్లండి. ఎక్కడ జవాబు వస్తే దానికి 28 కలపండి. అదే మీ దారి పరిమితి. ల్యాప్‌టాప్ ఎంటీయూను అంతకు తగ్గించి ఫైల్ మళ్లీ పంపి చూడండి. ఐపీవీ6 వాడే నెట్‌వర్క్‌లో 1280 కంటే కిందకు దించొద్దు. ఆ ప్రోటోకాల్‌కు కనీస పరిమితి అదే. పింగ్‌కు అసలు జవాబే ఇవ్వని సర్వర్లు కూడా ఉంటాయి. అలాంటప్పుడు వీపీఎన్ ఆపి, లేదా మరో కంపెనీ సిమ్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. అక్కడ వెళ్లిపోతే తప్పు ఫైల్‌ది కాదు, దారిది.

146 కోట్ల బైట్ల వింత ఎర్రర్

‘మెసేజ్ చాలా పెద్దదిగా ఉంది’ అంటూ పక్కన 1466264675 లాంటి పెద్ద నంబర్ చూపిస్తుంటుంది ఒక్కోసారి. ఇదేదో ప్యాకెట్ సైజ్ సమస్య అనుకుని సెట్టింగ్స్ మార్చేస్తుంటారు. అసలు సంగతి వేరు. సర్వర్‌లో లాగిన్ కాగానే ‘వెల్‌కమ్’ అని పలకరించేలా ఎవరో స్క్రిప్ట్ పెట్టి ఉంటారు. ఎస్ఎఫ్‌టీపీలో ప్రతి మెసేజ్‌లో మొదటి 4 బైట్లు దాని పొడవును చెబుతాయి. ఆ ఇంగ్లిష్ పదంలోని మొదటి నాలుగు అక్షరాలను క్లయింట్ పొడవుగా భావించి లెక్కేస్తే వచ్చేదే ఈ 146 కోట్ల అంకె. ఆ పలకరింపును స్క్రిప్ట్ నుంచి తీసేస్తే లేదా మనుషులు లాగిన్ అయినప్పుడే వచ్చేలా మారిస్తే చాలు. ఎస్ఎఫ్‌టీపీ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది.

ఎక్కడ ఆగిందో చూడండి.. కారణం దొరుకుతుంది

రెండు మూడుసార్లు పంపి, ప్రతిసారీ ఎంత దగ్గర ఆగిందో రాసుకోండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

• సైజు 0 బైట్లు: ఫైల్ పేరు క్రియేట్ అయింది, డేటా వెళ్లలేదు. ఎంటీయూ, డిస్క్ ఖాళీ, కోటా.. ఈ మూడూ చెక్ చేయండి.

• సరిగ్గా 4 జీబీ దగ్గర: అవతల ఫైల్‌ను దాస్తున్న పెన్‌డ్రైవ్ లేదా కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండొచ్చు. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీకి చేరుకోలేదు, 1 బైట్ తక్కువే గరిష్ఠం.

• ప్రతిసారీ ఒకే సమయానికి, ఉదాహరణకు పది నిమిషాలకు: ఎక్కడో టైమ్ లిమిట్ పెట్టి ఉంటారు. సర్వర్ లేదా ఫైర్‌వాల్ చూసేవాళ్లను అడగాలి.

• ఒక్కోసారి ఒక్కోచోట: సిగ్నల్ సమస్య. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా ఫోన్ అడ్రస్ మారిపోయి కనెక్షన్ తెగుతుంది. స్క్రీన్ లాక్ అయ్యాక బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే యాప్‌ను ఆపేయొచ్చు. ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి.

• సైజు సరిపోయింది, వీడియోలో మధ్యలో గళ్లు: ఇది అన్నిటికంటే ప్రమాదకరం. ఫైల్‌లో ‘రంధ్రం’ పడి ఉండొచ్చు.

రెజ్యూమ్ కొట్టే ముందు ఒక్క మాట

మధ్యలో ఆగిన ఫైల్‌ను మళ్లీ మొదటి నుంచి పంపకుండా ‘రెజ్యూమ్’ చేయొచ్చు. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో దీనికి రీపుట్ అనే కమాండ్ ఉంది. అయితే ఇది ఒక నమ్మకం మీద నడుస్తుంది. సర్వర్‌లో ఉన్న సగం ఫైల్, మీ దగ్గరున్న ఫైల్‌లోని మొదటి సగం అచ్చంగా ఒకటేనని అనుకుంటుంది. సైజు చూసి అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

ఒకేసారి 64 ముక్కలు పంపుతామని చెప్పుకున్నాం కదా. ఏదైనా యాప్ లేదా సర్వర్ వాటిని వరస తప్పి రాస్తే.. 50వ ముక్క రాసేసి 49వది రాయకముందే కనెక్షన్ తెగితే, సైజు మాత్రం 50 ముక్కలది కనిపిస్తుంది. 49వ స్థానంలో సున్నాలు ఉంటాయి. రెజ్యూమ్ 51 నుంచి మొదలవుతుంది. చివరికి సైజు సరిపోతుంది.. లోపల మాత్రం రంధ్రం మిగిలిపోతుంది. ఎడిట్ చేసి మళ్లీ అదే పేరుతో సేవ్ చేసిన ఫైల్‌ను రెజ్యూమ్ చేసినా ఇదే గతి. పాత సగం, కొత్త సగం అతుక్కుంటాయి.

అందుకే రెజ్యూమ్ తర్వాత సరిచూడటం తప్పనిసరి. విన్‌ఎస్‌సీపీ లాంటి సాఫ్ట్‌వేర్లు పెద్ద ఫైళ్లను ముందు ‘ఫైల్‌పార్ట్’ అనే తాత్కాలిక పేరుతో పంపి, పూర్తయ్యాకే అసలు పేరు పెడతాయి. మంచి పద్ధతి ఇది. సగం ఫైల్‌ను పూర్తి ఫైల్ అనుకుని ఎడిటర్ తీసుకునే ప్రమాదం ఉండదు. మీ యాప్‌లో ఆ సౌకర్యం లేకపోతే మీరే ఫైల్ పేరు చివర ‘పార్ట్’ అని పెట్టి పంపి, చెక్ చేశాక పేరు మార్చండి.

యాప్ రాసేవాళ్ల కోసం..

అప్‌లోడ్ యాప్‌లు తయారుచేసే కుర్రాళ్లు జిల్లాల్లోనూ చాలామందే ఉన్నారు. వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే.. రైట్ ఫంక్షన్ తిరిగిచ్చే నంబర్‌ను వదిలేయొద్దు. ఉదాహరణకు లిబ్‌ఎస్ఎస్‌హెచ్2 లైబ్రరీలో రైట్‌కు మీరెంత ఇచ్చినా, అది తీసుకున్నంతే నంబర్‌గా తిరిగిస్తుంది. తక్కువ వస్తే అంతమేర ముందుకు జరిగి మిగిలింది మళ్లీ ఇవ్వాలి. ‘మళ్లీ ప్రయత్నించు’ అనే కోడ్ వస్తే అది వైఫల్యం కాదు. కనెక్షన్ సిద్ధమయ్యే వరకు ఆగి, అదే డేటాను అదే స్థానం నుంచి మళ్లీ ఇవ్వాలి. కొత్త డేటా ఇచ్చారో, ఫైల్ పాడైనట్టే. మిగతా నెగెటివ్ కోడ్‌లకు మాత్రం ఆపేసి యూజర్‌కు స్పష్టంగా చెప్పాలి.

ఫైల్ క్లోజ్ చేసేటప్పుడు వచ్చే జవాబు కూడా చూడాలి. నెట్‌వర్క్ డిస్క్‌లలో ‘స్థలం లేదు’ అనే సంగతి ఒక్కోసారి ఆఖర్లోనే బయటపడుతుంది. పైథాన్‌లో పారామికో వాడితే అది పంపడం పూర్తయ్యాక సర్వర్‌లోని సైజును పోల్చి చూస్తుంది. బాగుంది.. కానీ అది సైజు మాత్రమే, లోపలి విషయం కాదు. ఇక ప్రోగ్రెస్ బార్ సంగతి. బఫర్‌లోకి వెళ్లినదాన్ని కాదు, సర్వర్ ‘సరే’ అన్నదాన్నే లెక్కేసి చూపించండి. 100 శాతం కనిపించిందంటే యూజర్ ఒరిజినల్ డిలీట్ చేస్తారని గుర్తుంచుకోండి.

డిలీట్ నొక్కే ముందు ఈ మూడు చేయండి

1. రెండు వైపులా సైజును బైట్లలో పోల్చండి. ‘1.2 జీబీ’ అని గుండుగుత్తగా కాదు, చివరి అంకె వరకు.

2. రెండు వైపులా షా-256 చెక్‌సమ్ తీయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ఆ పని చేస్తాయి. ఫోన్‌లో అయితే చెక్‌సమ్ చూపించే ఫైల్ మేనేజర్ వాడొచ్చు. ఒక్క బైట్ తేడా ఉన్నా వచ్చే 64 అక్షరాల వరస పూర్తిగా మారిపోతుంది. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు ఫోన్‌లో చదివి చెప్పుకున్నా తేడా ఉంటే తెలిసిపోతుంది.

3. అవతలి వాళ్లను ఫైల్ ఓపెన్ చేసి మొదలు, మధ్య, చివర ప్లే చేయమనండి. ‘వచ్చింది’ అంటే సరిపోదు, ‘ఆడింది’ అనాలి.

సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఒకే పెద్ద ఫైల్ బదులు చిన్న చిన్న క్లిప్పులుగా రికార్డ్ చేయడం మేలు. 4కే క్వాలిటీలో కొన్ని నిమిషాలకే ఫైల్ 1 జీబీ దాటిపోతుంది. ఒక క్లిప్ తెగినా మిగతావి దక్కుతాయి. అత్యవసరమైన వార్త అయితే తక్కువ క్వాలిటీ కాపీ ముందు పంపి, ఒరిజినల్‌ను దిగువ అహోబిలం లేదా ఆళ్లగడ్డ చేరాక మంచి కనెక్షన్‌లో పంపొచ్చు. మెమరీ కార్డును మాత్రం చెక్‌సమ్ కలిసే వరకు ఫార్మాట్ చేయకండి.

పల్లకీ ఊరు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. చెక్‌సమ్‌కు పట్టేది ఒక్క నిమిషమే.